మాటిమాటికీ కక్కుకునే బిడ్డ

పసిబిడ్డ ఉన్న ఇంట్లో వాంతి కొత్త సంగతి కాదు. పాలు తాగి భుజం మీద కక్కుతాడు, దగ్గి కక్కుతాడు, ఏడ్చి ఏడ్చి కక్కుతాడు. బట్ట తుడిచి, మూతి కడిగి, మళ్ళీ మన పనిలో పడిపోతాం. అయితే అదే బిడ్డ నెలలో రెండు మూడు సార్లు అదే విధంగా కక్కుకుంటూ, ప్రతిసారీ కొంచెం కొంచెంగా నీరసపడుతున్నప్పుడు తల్లి మనసు ఊరుకోదు. "వీనికి ఊకె ఎందుకిట్ల అయితున్నది?" అని కాశిబుగ్గలో ఏ అరుగు మీద కూర్చున్నా వినబడే మాటే అది. ఆ తల్లుల కోసమే ఈ నెల ఈ వ్యాసం.

శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్కన కూడా ఒక కాశిబుగ్గ ఉంది గనుక ముందే చెబుతున్నాను, ఇది వరంగల్ కాశిబుగ్గ సంగతి. ఏనుమాముల మార్కెట్‌కు వెళ్ళే మిర్చి బస్తాల లారీలు, పత్తి బండ్లు, ఇరుకు గల్లీలు, గల్లీ మొదట్లో మెడికల్ షాపు, నాలుగడుగులు వేస్తే ఆర్.ఎం.పి. క్లినిక్. ఎం.జి.ఎం. ఆసుపత్రికి ఆటోలో పోయి రావచ్చు. వైద్యం అందని మూలపల్లె కాదు ఇది. అయినా మాటిమాటికీ వాంతులు చేసుకునే బిడ్డకు అసలు కారణం తెలియడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతున్నదో చూడాలి.

మొదటిసారి వాంతి అయినప్పుడు నాయనమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తుంది. రెండోసారి ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సూది వేస్తాడు. మూడోసారి తండ్రి పనిమీద ఉంటాడు గనుక తల్లే మెడికల్ షాపుకు పోయి "వాంతుల సీసా ఇయ్యండి" అని అడిగి తెచ్చుకుంటుంది. నాలుగోసారి పుట్టింట్లో ఉన్నప్పుడు వస్తే అక్కడ ఇంకొక డాక్టరు, ఇంకొక సీసా. ఏ ఒక్కరూ తప్పు చేశారని కాదు. ఒక్కొక్క వాంతికి ఒక్కొక్క మందు ఇచ్చారు. కాని ఆ నాలుగు వాంతులనూ ఒక వరుసలో పెట్టి చూసినవారు లేరు. మాటిమాటికీ వచ్చే వాంతి విషయంలో జబ్బు దొరికేది ఆ వరుసలోనే. ఏ వేళకు వస్తున్నది, దేని తరువాత వస్తున్నది, ఏ రంగులో వస్తున్నది, రెండు వాంతుల మధ్య బిడ్డ ఎలా ఉన్నాడు అనే నాలుగు సంగతులు తెలిస్తే డాక్టరు గారి పని సగం అయినట్లే.

పైత్యం అనే మాటతో వచ్చిన చిక్కు

రంగు గురించి ముందు చెప్పడానికి కారణం ఉంది. మన భాషలో "పైత్యం" అనే మాట చాలా పనులు చేస్తుంది. తల తిరిగినా పైత్యమే, నోరు చేదుగా ఉన్నా పైత్యమే. బిడ్డ పచ్చగా కక్కితే కూడా "పైత్యం చేసింది, జీలకర్ర నీళ్ళు పట్టండి" అంటారు. పెద్దవాళ్ళ విషయంలో దానివల్ల పెద్ద నష్టం జరగకపోవచ్చు. నెలల బిడ్డ విషయంలో మాత్రం ఈ మాట ప్రమాదం తెస్తుంది.

కడుపులోని పాలు తిరిగి పైకి వస్తే తెల్లగా ఉంటాయి, లేదా పెరుగులా విరిగి ఉంటాయి. పసరు అనేది కడుపు దాటిన తరువాత చిన్నపేగులో కలుస్తుంది. ఆకు నలిపిన రసంలాంటి పసరు నోటివరకు తిరిగి వచ్చిందంటే కింద పేగులో ఎక్కడో దారి మూసుకుపోయి ఉండవచ్చు. కొందరు శిశువులకు పుట్టుకతోనే పేగు తన చోట సరిగా అమరి ఉండదు. అటువంటి పేగు హఠాత్తుగా మెలిపడితే దానికి రక్తం అందక కొన్ని గంటలలోనే చచ్చుపడిపోతుంది. వీరిలో ఎక్కువమందికి ఇది మొదటి నెలలోనే బయటపడుతుంది. కొందరికి కొన్నాళ్ళు మెలిపడి, దానంతటదే విడిపోయి, మళ్ళీ మెలిపడుతూ ఉంటుంది. అదిగో, ఆ బిడ్డే "అప్పుడప్పుడు పైత్యం చేసే బిడ్డ" అని పేరు తెచ్చుకుంటాడు.

పెద్దపిల్లలు విరేచనాలతో పదిసార్లు కక్కి కడుపు ఖాళీ అయ్యాక చివర పసుపుపచ్చని నీళ్ళు కొంచెం రావడం ఉంటుంది. కాని చంటిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే అది ఒక్కసారైనా సరే, రాత్రి రెండు గంటలైనా సరే, తెల్లవారనివ్వవద్దు. అది ఆపరేషను అవసరమయ్యే స్థితి కాదని స్కానింగులు, ఎక్స్‌రేలు చూసి డాక్టరు చెప్పేవరకు అది అత్యవసరమే. 108 కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ బండి మన రాష్ట్రాలలో ఎన్ని ప్రాణాలను కాపాడిందో మీకు తెలియనిది కాదు.

రంగుతోనే పట్టుబడే మరొక జబ్బు ఉంది. ఐదారు నెలల నుండి రెండేళ్ళ లోపు బిడ్డ బాగా ఆడుకుంటూ ఉండి ఒక్కసారిగా కాళ్ళు పొట్టమీదికి ముడుచుకుని కెవ్వున ఏడుస్తాడు, తెల్లబడిపోతాడు. కొద్ది నిమిషాలకు ఊరుకుంటాడు. పావుగంట అయ్యేసరికి మళ్ళీ అదే ఏడుపు. మధ్యమధ్య వాంతులు. ఆలస్యమైతే విరేచనంలో ఎర్రని జిగురు కనబడుతుంది. ఒక పేగు ముక్క పక్క పేగులోకి దుర్భిణి గొట్టంలా దూరిపోవడం వల్ల ఇట్లా అవుతుంది. త్వరగా తీసుకువెళితే చాలామందికి కోత లేకుండానే, ఆసనం గుండా గాలిగాని సెలైను గాని ఎక్కించి పేగును వెనక్కి నెట్టవచ్చు. ఎర్రజిగురు కనబడేదాకా ఆగితే ఆ అవకాశం తగ్గిపోతుంది. ఇక్కడ కొందరు పొట్టమీద వాతలు పెట్టిస్తారు. అది బిడ్డకు రెండో బాధ తప్ప మరేమీ కాదు.

పాలు కక్కడం, పాలు చిమ్మడం

ఇప్పుడు భయపడనక్కరలేని సంగతికి వద్దాం. తల్లులలో ఎక్కువమంది ప్రశ్న ఇదే గదా. మూడు నాలుగు నెలల బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ కొంచెం కక్కుతాడు, నవ్వుతూనే ఉంటాడు, బరువు పెరుగుతూనే ఉంటాడు. గొంతు నుండి కడుపుకు పోయే గొట్టం చివర బిగువుగా ఉండవలసిన కండరం ఈ వయసులో ఇంకా వదులుగా ఉంటుంది. నాలుగో నెల చుట్టుపక్కల ఇది ఎక్కువగా ఉండి, బిడ్డ కూర్చోవడం, నిలబడడం నేర్చుకునే కొద్దీ తగ్గి, ఏడాది నుండి ఏడాదిన్నర లోపల చాలామందికి ఆగిపోతుంది. పాలు పట్టాక ఇరవై ముప్పై నిమిషాలు నిటారుగా భుజాన వేసుకుంటే చాలు. సీసాతో పట్టేవారు ఎక్కువ పట్టకుండా చూసుకోవాలి. పాలు కక్కుతున్నాడని బోర్లా పడుకోబెట్టడం మంచిది కాదు. నిద్రలో బిడ్డ వెల్లకిలా ఉండడమే క్షేమం.

అయితే మూడు వారాలు, ఐదు వారాలు నిండిన బిడ్డ, ముఖ్యంగా తొలిచూలు మగబిడ్డ, పాలు తాగగానే మూరెడు దూరం చిమ్మినట్లు కక్కి వెంటనే మళ్ళీ ఆకలితో రొమ్ము వెదకుతుంటే అది వేరు సంగతి. రోజురోజుకూ చిమ్మడం ఎక్కువవుతుంది, మూత్రం తగ్గుతుంది, ముఖం ముసలివాని ముఖంలా ముడతపడుతుంది. కడుపు నుండి పేగులోకి వెళ్ళే ద్వారం దగ్గర కండరం దళసరెక్కి దారి మూసుకుపోతున్నదన్న మాట. ఇక్కడ వాంతి తెల్లగానే ఉంటుంది, పసరు ఉండదు, ఎందుకంటే అడ్డు పసరు కలిసే చోటుకు పైనే ఉంది. ఒకప్పుడు ఈ బిడ్డలు ఎండిపోయి చనిపోయేవారు. 1912లో జర్మనీకి చెందిన రామ్‌స్టెట్ అనే శస్త్రవైద్యుడు ఆ దళసరి కండరాన్ని పొడుగునా చీల్చి, లోపలి పొరను కోయకుండా వదిలేసే పద్ధతిని ప్రకటించాడు. నూరేళ్ళు దాటినా నేటికీ అదే ఆపరేషను. స్కానింగులో సులభంగా తెలిసిపోతుంది. "తొలిచూలు గదా, కక్కుతడు తియ్" అని ఎదురుచూసిన ప్రతి రోజూ బిడ్డ బరువులోనుండి పోతుంది.

ఇక పోతపాల మాట. తల్లిపాలు చాలవనుకుని మూడో నెలకే బర్రెపాలో ఆవుపాలో మొదలుపెట్టిన ఇళ్ళలో కొందరు పిల్లలకు ఆ పాలలోని మాంసకృత్తులు పడవు. వాంతులు, విరేచనంలో రక్తపు చార, ఒంటిమీద దద్దు, బరువు పెరగకపోవడం. అప్పుడు మనవాళ్ళు ఆవుపాలు మాని బర్రెపాలు పడతారు, అవీ పడకపోతే మేకపాలు వెదుకుతారు. ఈ పాలన్నిటిలోని మాంసకృత్తులు ఒకదానికొకటి దగ్గర చుట్టాలే గనుక పాలు మార్చి ప్రయోజనం సాధారణంగా ఉండదు. డాక్టరు సలహాతో కొన్నాళ్ళు పూర్తిగా మానిపించి, మళ్ళీ ఇచ్చి చూడడమే దీనికి పరీక్ష. ఆరు నెలలవరకు తల్లిపాలే అని అంగన్‌వాడీ టీచరు చెప్పే మాటలో ఈ సంగతి కూడా ఇమిడి ఉంది.

వాంతి కడుపుదే అనుకోవద్దు

పసివారి విషయంలో ఒక విచిత్రం ఉంది. జబ్బు ఎక్కడ ఉన్నా వారు కక్కుతారు. మూత్రంలో చీము పడితే పెద్దవాళ్ళకు మంట తెలుస్తుంది. ఏడాది బిడ్డ ఆ మాట చెప్పలేడు. జ్వరం, వాంతులు, చిరాకు అంతే. జలుబు లేదు, విరేచనాలు లేవు, కాని నెలకోసారి జ్వరంతో వాంతులు వస్తున్నాయంటే, ముఖ్యంగా ఆడపిల్లలకు, మూత్ర పరీక్ష చేయించమని మీరే అడగవచ్చు. ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ. పట్టించుకోకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి.

మిర్చి సీజనులో ఏనుమాముల వైపు గాలే ఘాటుగా ఉంటుంది. దగ్గే పిల్లలు దగ్గు తెర చివర కక్కుతారు. అక్కడ చూడవలసింది దగ్గును, వాంతిని కాదు. దగ్గు దగ్గి ఊపిరి అందక ముఖం కమిలి, చివర కూతలాంటి శబ్దంతో గాలి పీల్చుకుని కక్కితే కోరింత దగ్గు కావచ్చు. టీకాలు తప్పిన బిడ్డ అయితే మరీ అనుమానించాలి.

అన్నిటికంటె ఎక్కువగా తప్పిపోయేది తలలోని జబ్బు. బిడ్డ నిద్రలేచీ లేవగానే కక్కుతాడు, కక్కాక కొంచెం తేలికపడతాడు, పగలంతా ఫరవాలేదు. మాటలు వచ్చిన పిల్లవాడైతే తల నొస్తున్నదంటాడు. కొన్ని వారాలకు నడకలో తూలుతాడు, మెల్లకన్ను కొత్తగా వస్తుంది. చంటిబిడ్డకైతే మాడు ఉబ్బి తల చుట్టుకొలత పెరుగుతుంది. తలలో గడ్డ ఉన్నా, నీరు చేరినా, క్షయ మెదడు పొరలకు పాకినా ఇట్లానే మొదలుకావచ్చు. ఇంట్లో ఎవరికైనా టి.బి. ఉండి, బిడ్డకు వారాల తరబడి సన్నజ్వరం, వాంతులు, చిరాకు ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో అని టి.బి. మాట దాచిన ఇళ్ళలోనే ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

దాహం, మూత్రం ఎక్కువై, పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్ళీ తడుపుతూ, తిన్నా చిక్కిపోతూ, చివరకు వాంతులు చేసుకుంటూ ఆయాసపడితే చక్కెర పరీక్ష వెంటనే చేయించాలి. "ఇంత చిన్నవానికి షుగరా?" అంటారు. వస్తుంది.

నులిపురుగుల మాట ఎత్తకపోతే పెద్దలు ఒప్పుకోరు. ఏలికపాములు ఉండలు కట్టి పేగుకు అడ్డం పడడం నిజమే. కాని ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీలలో, బడులలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించాక కూడా ప్రతి వాంతినీ పురుగుల మీద వేయడం న్యాయం కాదు.

మేనరికం ఇళ్ళలో ఒక ప్రశ్న

ఈ సంగతి రాయడానికి కొంచెం సంకోచిస్తూనే రాస్తున్నాను. తెలుగువారిలో మేనమామను, మేనబావను చేసుకోవడం తరతరాల ఆచారం. సంఘాలలో కూడా ఉంది. ఒకే కుటుంబంలోని ఇద్దరు తల్లిదండ్రులైనప్పుడు, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డకు రెండు వైపులనుండీ చేరే అవకాశం పెరుగుతుంది. తిన్న ఆహారాన్ని శరీరం సరిగా మార్చుకోలేని పుట్టుక జబ్బులు చాలావరకు ఇటువంటివే. హైదరాబాదులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. అందులో ప్రతి వెయ్యిమందికి ఒకరి చొప్పున ఇటువంటి లోపాలు కనబడ్డాయి. అడ్రినల్ గ్రంథి లోపం ఒక్కటే 2,575 మందికి ఒకరిలో ఉంది.

ఆ అడ్రినల్ లోపం ఉన్న మగశిశువు చూడడానికి మామూలుగానే ఉంటాడు. రెండో వారం, మూడో వారం వచ్చేసరికి ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోయి, వాంతులు చేసుకుని, వాడిపోయి, గట్టిగా ఏడవలేని స్థితికి వస్తాడు. ఆడశిశువులకు జననాంగం తేడాగా కనబడుతుంది గనుక ముందే పట్టుబడుతుంది. గుర్తిస్తే రోజువారీ మందులతో ఆ బిడ్డ పెరిగి పెద్దవాడవుతాడు. గుర్తించకపోతే "విరేచనాలు పట్టి పోయిండు" అని చెప్పుకుంటారు. మరికొందరు పిల్లలు బాగానే ఉండి, జ్వరంతో ఒక పూట తినకపోతేనో కొత్త ఆహారం మొదలుపెడితేనో వాంతులతో మత్తులోకి జారిపోతారు.

కాబట్టి మీది మేనరికం అయితే, లేదా ఇంతకు ముందు ఒక బిడ్డ కారణం తెలియకుండా పోయి ఉంటే, డాక్టరు అడగకపోయినా ఆ మాట మీరే చెప్పండి. అది తల్లి తప్పు కాదు, తండ్రి తప్పు కాదు. అత్తింటివాళ్ళ ముందు చెప్పలేకపోతే లోపలికి వెళ్ళాక చెప్పండి.

మధ్యలో హాయిగా ఉండే బిడ్డ

కొందరు పిల్లల తల్లులు చెప్పేది వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. బిడ్డకు నాలుగైదేళ్ళు. ఒక రోజు తెల్లవారుజామున మొదలై గంటకు నాలుగైదు సార్లు కక్కి, తెల్లబడి, మాట లేకుండా పడుకుంటాడు. సెలైను ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజులకు ఆగిపోతుంది, లేచి అన్నం అడుగుతాడు. నెలో రెండు నెలలో ఏమీ ఉండదు. మళ్ళీ ఒక తెల్లవారుజామున అచ్చం అదే వరుస. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. "వేషాలు వేస్తున్నడు, బడికి పోవుడు ఇష్టం లేక" అని తండ్రి కసురుకుంటాడు.

వేషం కాదు. లండన్‌లో శామ్యూల్ గీ అనే వైద్యుడు 1882లోనే ఇటువంటి 9 మంది పిల్లల గురించి రాశాడు. ఇది పార్శ్వనొప్పికి చిన్ననాటి రూపంలాంటిదని నేటి వైద్యులు భావిస్తున్నారు. చాలా ఇళ్ళలో తల్లికో అమ్మమ్మకో ఒంటి తలనొప్పి ఉంటుంది. నిద్ర తప్పడం, ఆకలితో ఉండడం, జలుబు జ్వరం, అతి సంతోషం కూడా దీన్ని రేపుతాయి. క్రిస్మస్ రాత్రి ఆరాధనకు మెలకువగా ఉండి, కేకులు తిని, ఎగిరి గంతులేసిన పిల్లవాడు మరునాడు తెల్లవారి వాంతులతో లేచాడంటే తప్పంతా కేకుదే కాకపోవచ్చు. ఈ జబ్బును నిర్ధారించే రక్తపరీక్ష లేదు. మిగతా కారణాలు లేవని తేల్చుకున్నాక వరుసను చూసి చెప్పేదే. అందుకే పుస్తకంలో రాసిపెట్టుకున్న తల్లికి నెలలో తెలిసే సంగతి, రాయని తల్లికి ఏళ్ళు పట్టవచ్చు.

ఇంట్లో ఉన్నవి, షాపులో దొరికేవి

వస కొమ్ము మన ఇళ్ళలో పాతది. మాటలు త్వరగా వస్తాయని, కడుపుబ్బరం తగ్గుతుందని సానమీద అరగదీసి నాలుకకు రాస్తారు. కొలత ఎవరికీ తెలియదు. వస ఎక్కువైతే అదే వాంతులు తెప్పిస్తుంది. దాన్ని ఆహారంలో కలపకూడదని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించింది. ఉగ్గుతో రోజూ వస పడుతూ "ఊకె కక్కుతున్నడు" అనే తల్లి ముందు అది ఆపి చూడాలి.

పత్తి మందుల డబ్బాలు కడిగి నీళ్ళకు వాడే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. చొంగ కారుతూ, చెమటలు పోస్తూ, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదై, బిడ్డ కక్కుతుంటే అది పురుగుల మందు. కక్కించడానికి గొంతులో వేలు పెట్టవద్దు, ఉప్పునీళ్ళు పోయవద్దు. డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే వాంతుల మందు గురించి కూడా చెప్పాలి. మెటోక్లోప్రమైడ్ అనే మందు పసివారికి కొంచెం ఎక్కువైనా, ఒక్కోసారి సరైన కొలతలో ఇచ్చినా, కళ్ళు పైకి తిరిగిపోయి మెడ ఒక పక్కకు వంకరపోతుంది, నాలుక బయటికి వస్తుంది. తెలివి మాత్రం ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు. మందు ఆపి ఆసుపత్రిలో దానికి విరుగుడు ఇస్తే తగ్గిపోతుంది. ఆ సీసా వెంట తీసుకువెళ్ళడం అందుకే ముఖ్యం. ఈ రోజుల్లో డాక్టర్లు అవసరమైతే ఆన్‌డాన్‌సెట్రాన్ అనే మందును బిడ్డ బరువును బట్టి రాస్తున్నారు. కాని పేగు మెలిపడిన బిడ్డకు ఏ సీసా పోసినా జరిగేది ఒక్కటే, గంటలు వృథా.

ప్రార్థన గురించి అడిగేవారున్నారు. బిడ్డ కోసం ప్రార్థించని తల్లి ఎవరు? సంఘకాపరి గారిని పిలిపించండి, ఆటో వచ్చేలోగా ప్రార్థించండి, ఆటోలోనూ ప్రార్థించండి. పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడే గదా. ఉపవాస ప్రార్థన చేస్తే అది పెద్దలకు. కక్కుకునే బిడ్డను పస్తు ఉంచవద్దు.

నీళ్ళ సంగతి

వాంతుల్లో బిడ్డను తీసేది ఎక్కువసార్లు వాంతి కాదు, ఒంట్లో నీళ్ళు, ఉప్పు పోవడం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా పాకినప్పుడు సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కొలిచి కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, కన్నవారి చేతనే తాగించాడు. నూటికి ముప్పైమంది వరకు చనిపోయేచోట మరణాలు నూటికి నలుగురి లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశాడు, మరుసటి ఏడు దేశం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ నీళ్ళకే ఓ.ఆర్.ఎస్. అని పేరు. లీటరు నీళ్ళలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మరి రెండు లవణాలు. ఈ కొలతలోనే దాని శక్తి ఉంది. చక్కెర ఎక్కువైతే పేగు నీళ్ళను పీల్చుకోవడానికి బదులు ఇంకా వదులుతుంది, విరేచనాలు ముదురుతాయి. అయితే చాలా ఏళ్ళు మన మెడికల్ షాపులలో అట్టపెట్టెల్లో పళ్ళరసం రుచితో, ఆ చక్కెరకు ఎన్నో రెట్లు చక్కెరతో, పేరులో ఓ.ఆర్.ఎస్. అని పెట్టుకున్న పానీయాలు అమ్ముడుపోయాయి. వాటిమీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళపాటు పోరాడారు. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళారు. చివరకు 2025 అక్టోబరు 14న దేశపు ఆహార భద్రతా సంస్థ, సరైన కొలత లేని ఏ పానీయం పేరులోనూ ఆ మూడక్షరాలు వాడరాదని ఆదేశించింది. ఒక డాక్టరమ్మ పట్టుదల ఇంత పని చేసింది. షాపులో "ఓ.ఆర్.ఎస్. పొడి ప్యాకెట్" అని స్పష్టంగా అడగండి, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది.

ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అంటూ అందాజుగా కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కక్కిన తరువాత పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. గ్లాసు నోటికి పెడితే గటగటా తాగి అంతా కక్కేస్తాడు. చెంచాతో పోస్తే, కొంచెం కక్కినా మిగిలింది ఒంటికి పడుతుంది. తల్లిపాలు ఆపవద్దు. ఆరు గంటలుగా మూత్రం లేకపోతే, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోతే, మాడు గుంటపడితే, మత్తుగా ఉంటే చెంచాతో కూర్చోవద్దు, ఆసుపత్రికి బయలుదేరండి.

రోటా వైరస్ వల్ల వచ్చే వాంతులు, విరేచనాలకు టీకా ఉంది. హైదరాబాదులో తయారై, ఢిల్లీ, పుణె, వెల్లూరులలో దాదాపు 6,800 మంది పసివారిమీద పరీక్షలు దాటి, 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది. మొదట మొదలైన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోటి ద్వారానే ఇస్తారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇక ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వెంట ఉండవలసినవి. అంగన్‌వాడీ బరువుల కార్డు ముందు పెట్టుకోండి. కక్కినా బరువు గీత పైకే పోతున్నదా, ఆగిందా అన్నది డాక్టరుకు దానిలో కనబడుతుంది. ఇంతవరకు వాడిన సీసాలన్నీ, పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకోండి. పిల్లల పాత నోటుపుస్తకంలో రెండు పేజీలు చాలు, తేదీ, వేళ, ముందు ఏం తిన్నాడు, ఎన్నిసార్లు, జ్వరం ఉందా, ఎప్పుడు ఆగింది అని రాసుకుంటూ రండి. చదువురాని తల్లి అయితే ఇంటి పక్క పిల్లచేత రాయించుకోవచ్చు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది. వాంతిని తుడిచే ముందు, వెలుతురులో తెల్లబట్ట మీద, ఒక ఫోటో తీయండి. రోత అనుకోవద్దు. మీరు ఆకుపచ్చ అన్నది, డాక్టరు గారు పసుపు అనుకున్నది ఒకటేనో కాదో ఆ ఫోటో చూస్తే తేలిపోతుంది.